ఆన్‌లైన్ డాక్టరు రాసిన సెమాగ్లూటైడ్ సూది: నా అనుభవం

మా ఇన్సూరెన్సులో బరువు తగ్గించే మందులకు కవరేజి లేదు. అప్లై చేస్తే తిప్పికొట్టారని కాదు, మా ఆయన కంపెనీ తీసుకున్న ప్లానులోనే ఆ రకం మందులన్నిటినీ పక్కన పెట్టేశారు. అలాంటప్పుడు డాక్టరు ఎన్ని కాగితాలు పంపినా, ఎన్ని అప్పీళ్ళు పెట్టినా లాభం ఉండదు. ఆకలి తగ్గించి బరువు దింపే సెమాగ్లూటైడ్ సూదినే షుగరు పేషెంట్లకు ఓజెంపిక్ పేరుతో రాస్తే మా ప్లాను ఇస్తుంది. నాకేమో అప్పటికి షుగరు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చి ఆగింది. మూడు నెలల షుగరు సగటు చూపే ఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది, 6.5కి చేరితే షుగరు కింద లెక్క. అంటే జబ్బు వచ్చాక మందు ఇస్తారు, రాకుండా ఆపుకుందామంటే మన జేబులోంచి పెట్టుకోవాలి.

అదే మందును బరువు కోసం వెగోవీ పేరుతో అమ్ముతారు. దానికి 2024లో ఇన్సూరెన్సు లేకపోతే నెలకు 1,349 డాలర్లు. ఆ ధర పెడదామన్నా సరుకు దొరికేది కాదు. 2022 నుంచీ అది ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులను ఆమోదించే ప్రభుత్వ సంస్థ) వారి కొరత జాబితాలో ఉండేది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళలో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఆ రోజుల్లో ఆడవాళ్ళ మధ్య ఒకటే చర్చ. ఎవరు ఎక్కడ తెప్పించుకుంటున్నారు, ఎంత పడుతోంది, ఎంత తగ్గారు. అదీ పక్కకు పిలిచి, గొంతు తగ్గించి. పైకి కీటో అనీ, ఒంటిపూట భోజనం అనీ చెప్పి లోపల సూది వేసుకునేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. ఎందుకంత గుట్టో నాకు అర్థం కాదు. బీపీ మాత్ర వేసుకుంటున్నామని అందరికీ చెప్తాం కదా.

నేను కూడా అదే దారిలో, అంటే ఆన్‌లైన్ డాక్టరు రాస్తే కాంపౌండింగ్ ఫార్మసీ కలిపి పంపే సూది దారిలో వెళ్ళాను. ఆ ప్రాసెస్ ఎలా నడిచిందో, అందులో డాక్టరు చూసుకున్నదెంతో, నా నెత్తిన పడిందెంతో రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వ్యవహారం మొత్తంలో నాకు ఎక్కువ సాయం చేసింది ప్రిస్క్రిప్షన్ రాసినవాళ్ళు కాదు, ఫోనెత్తిన ఫార్మసిస్టు.

కాంపౌండింగ్ అంటే ఒక రోగికి కావలసినట్టుగా మందును ఫార్మసీలోనే కలిపి తయారుచేయడం. మాత్ర మింగలేని పిల్లాడికి సిరప్‌గా చేసివ్వడం, ఏదో రంగు పడనివాళ్ళకు ఆ రంగు లేకుండా చేసివ్వడం వంటి అవసరాలకోసం వచ్చిన పద్ధతి ఇది. కంపెనీ మందుకు అచ్చంగా నకలు తయారుచేసి అమ్ముకోవడానికి మామూలుగా ఒప్పుకోరు. కానీ ఆ మందు కొరత జాబితాలో ఉన్నంతకాలం ఆ నిబంధన సడలుతుంది. ఆ సందులోంచే ఈ ఆన్‌లైన్ సూదుల వ్యాపారమంతా పుట్టుకొచ్చింది.

కాంపౌండింగ్ చేసేవాళ్ళలో రెండు రకాలు. 503ఏ అంటే రాష్ట్ర లైసెన్సుతో, ఒక్కొక్క ప్రిస్క్రిప్షన్‌కి విడిగా మందు చేసే ఫార్మసీలు. 503బీ అంటే ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేసుకుని, పెద్ద ఎత్తున తయారుచేసి ఆసుపత్రులకూ క్లినిక్కులకూ పంపేవి. రెండోవాటికి మందుల ఫ్యాక్టరీలకుండే నాణ్యత నియమాలు వర్తిస్తాయి. ఏ రకమైనా సరే, అక్కడ తయారైన మందు బాగా పనిచేస్తుందా, ప్రమాదం లేనిదేనా అని ఎఫ్‌డీఏ ముందుగా పరిశీలించి ఆమోదించదు. ఈ ముక్క చాలా వెబ్‌సైట్లలో అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పైన మాత్రం ‘ఎఫ్‌డీఏ నమోదిత కేంద్రంలో తయారీ’ అని పెద్దగా వేస్తారు. నమోదు చేసుకోవడానికీ ఆమోదం పొందడానికీ ఎంత తేడా ఉందో మన రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కసారి పని పడినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొదట ఒక సైట్‌లో ఫారం నింపడం మొదలుపెట్టాను. ఎత్తు, బరువు, జబ్బులు, వేసుకునే మందులు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు ఉన్నాయా అన్నచోట, ఏమవుతుందో చూద్దామని ‘ఉన్నాయి’ అని నొక్కాను. వెంటనే ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ‘ఈ సమాధానంతో మీరు అర్హులు కాకపోవచ్చు. మీ సమాధానం మార్చుకుంటారా?’ అని. మార్చుకుంటానంటే మర్యాదగా వెనక్కి తీసుకెళ్ళి, ‘లేవు’ నొక్కగానే ముందుకు పంపింది. అంటే పరీక్షలో తప్పు రాస్తే పక్కనే నిలబడి సరైన జవాబు చెప్తున్నారన్నమాట. ఆ సైట్‌లో వీడియో కాల్ లేదు, ఫోన్ లేదు, ఫారం చూసి ఎవరో ఒకరు సంతకం పెడతారు. క్రెడిట్ కార్డు నంబరు అడిగే పేజీ దగ్గర మూసేశాను.

టెక్సస్‌లో 2017లో చట్టం మార్చారు. అంతకుముందు డాక్టరు రోగిని ఒక్కసారైనా నేరుగా చూసి ఉండాలనేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు, టెక్సస్ లైసెన్సు ఉన్న డాక్టరు వీడియోలో చూసి మందు రాయొచ్చు. మారుమూల కౌంటీల్లో ఉండేవాళ్ళకు అది చాలా మేలు చేసింది. అయితే ఆ వెసులుబాటును ఎవరు ఎంతవరకు వాడుకుంటారన్నది వాళ్ళ మనస్సాక్షిని బట్టి ఉంటుంది.

రెండో కంపెనీ వాళ్ళు డ్రైవింగ్ లైసెన్సు ఫొటో, బరువు చూసుకునే మిషన్ మీద నిలబడి తీసిన ఫొటో, ఈమధ్య చేయించుకున్న రక్తపరీక్షల రిపోర్టు అడిగారు. ఆ తర్వాత వీడియో కాల్. డాక్టరు అని రాసి ఉంది గానీ వచ్చింది నర్స్ ప్రాక్టిషనర్. ఇక్కడ నర్స్ ప్రాక్టిషనర్లు ఒక డాక్టరు అజమాయిషీలో మందులు రాయొచ్చు కాబట్టి అందులో తప్పేం లేదు. ఆవిడ పేరు తీసుకుని టెక్సస్ నర్సింగ్ బోర్డు సైట్‌లో వెతికితే లైసెన్సు చెల్లుబాటులోనే ఉందని చూపించింది. ఇది ఎవరైనా రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

అప్పటికి నా బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 29.8. ఐదడుగుల మూడంగుళాల ఎత్తుకు 168 పౌండ్లు. అమెరికాలో ఈ మందు రాయాలంటే బీఎంఐ 30 ఉండాలి, లేదా 27 దాటి బీపీ, కొలెస్ట్రాల్ లాంటిది ఏదైనా తోడుండాలి. నాకు బీపీ ఉంది కాబట్టి సరిపోయింది. మన ఒంటితీరు వేరని, మనకు పొట్ట దగ్గర కొవ్వు తొందరగా చేరి తక్కువ బరువుకే షుగరు వస్తుందని భారతదేశంలో డాక్టర్లు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. ఆ లెక్కన నేను ఎప్పుడో గీత దాటేశాను. ఆవిడకు ఈ సంగతి తెలుసు. “మీ దక్షిణాసియా వాళ్ళను నేను ఒక మెట్టు ఎక్కువగానే చూస్తాను” అన్నారు. అక్కడ నాకు కాస్త నమ్మకం కుదిరింది.

అసలు చిక్కు ఒక ప్రశ్న దగ్గర వచ్చింది. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, లేదా ఎంఈఎన్ 2 అనే వంశపారంపర్య జబ్బు ఉందా అని. ఎలుకల్లో ఈ మందు థైరాయిడ్ సి కణాల్లో గడ్డలు తెచ్చింది కాబట్టి, అలాంటి చరిత్ర ఉన్న కుటుంబాల వాళ్ళకు ఇవ్వకూడదని మందుతో వచ్చే సమాచార పత్రంలోనే గడి కట్టి హెచ్చరిక ఉంటుంది. ఇక్కడి వాళ్ళకు ఇది లేదు అని ఒక్క ముక్కలో తేలిపోయే ప్రశ్న. మన ఇళ్ళలో అలా తేలదు.

అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, మనవాళ్ళలో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా?”

“పొద్దున్నే ఏం మాటలే అవి! థైరాయిడ్ నాకుంది, మీ పిన్నికుంది, మీ మేనత్తకుంది. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటున్నాం కదా. దానికి క్యాన్సర్ ఎందుకొస్తుంది?”

అది వేరే థైరాయిడ్. హార్మోను తక్కువై మాత్ర వేసుకునేవాళ్ళకూ ఈ హెచ్చరికకూ సంబంధం లేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు నాకు గుర్తొచ్చింది, నా చిన్నప్పుడు పెద్దమ్మకు గుంటూరులో గొంతు ఆపరేషన్ అయింది. మెడ మీద అడ్డంగా గీతలా మచ్చ, దాన్ని కప్పడానికి ఆవిడ నల్లపూసలు కాస్త పైకి వేసుకునేది. అమ్మనడిగితే “అది గడ్డే, తీసేశారు, అయిపోయింది” అంటుంది. ఏం గడ్డ అంటే ఎవరికీ తెలియదు. మనకు జబ్బు పేర్లు గుర్తుండవు, ఏ డాక్టరు చేశాడో, ఎంత ఖర్చయిందో, ఆసుపత్రికి ఎవరు అన్నం తీసుకెళ్ళారో గుర్తుంటాయి.

పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, తెనాలిలో ఉంటాడు. “ఆ కాగితాలు ఇప్పుడెందుకే?” అని విసుక్కుంటూనే బీరువా అంతా వెతికాడు. పొలం పాసు పుస్తకాల కింద, ప్లాస్టిక్ కవర్లో బయాప్సీ రిపోర్టు దొరికింది. వాట్సాప్‌లో ఫొటో పంపాడు. టైప్ మిషన్ అక్షరాలు సగం చెరిగిపోయాయి గానీ చివరి లైను చదవడానికి వచ్చింది. మల్టీనాడ్యులర్ గాయిటర్ (గడ్డలతో థైరాయిడ్ వాపు), క్యాన్సర్ లక్షణాలు లేవు. ఆ ఫొటోనే నర్స్ ప్రాక్టిషనర్‌కు పంపాను. ఆవిడ చూసి, ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకమైతే ఈ హెచ్చరిక కిందికి రాదని, మెడల్లరీ రకం అయితేనే ఆపుతామని, ఇక్కడ రెండూ కావు కాబట్టి ముందుకెళ్ళొచ్చని రాశారు. ఇదే మొదటి సైట్‌లో అయితే ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి ఉండేవాళ్ళం, అన్నయ్య బీరువా తెరిచే పనే ఉండేది కాదు.

ప్యాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) గురించి, పిల్లల్ని కనే ఆలోచన గురించి కూడా అడిగారు. ప్లాన్ చేసుకునేవాళ్ళు కనీసం రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపేయాలి. నాకు ఆ గొడవ లేదు.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. నెలకు 249 డాలర్లు, అందులోనే మందు, సిరంజీలు, స్పిరిట్ దూదులు, పోస్టేజీ. ఆరు నెలలకు ఒకేసారి కడితే బాగా తగ్గిస్తామన్నారు. వద్దన్నాను. మొదటి సూదికే వాంతులు పట్టుకుంటే ఆరు నెలల మందు పెట్టుకుని ఏం చేస్తాం? కొవ్వు కరిగించే విటమిన్ల సూది అని ఇంకోటి అంటగట్టబోయారు, అదీ వద్దన్నాను.

డబ్బు కట్టేదాకా మందు ఏ ఫార్మసీ నుంచి వస్తుందో చెప్పలేదు. కట్టాక పేరు తెలిసింది. టెక్సస్ ఫార్మసీ బోర్డు సైట్‌లో చూస్తే లైసెన్సు ఉంది. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు కాకుండా మనిషే పలికింది. నేను అడిగిందల్లా ఒకటే, మీరు వాడేది అసలు సెమాగ్లూటైడా, లేక సెమాగ్లూటైడ్ సోడియం, అసిటేట్ లాంటి లవణమా అని. ఈ లవణాలు ఆమోదం పొందిన మందులో ఉన్న పదార్థం కాదని, వాటిని వాడొద్దని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫార్మసిస్టు తడుముకోకుండా “బేస్ మాత్రమే. మీ బ్యాచ్ టెస్టు రిపోర్టు కావాలా?” అని, దాన్ని ఈమెయిల్ చేశారు. బేస్ అంటే లవణం కాని అసలు మందు. అందులో బలం ఎంత, సూక్ష్మజీవులున్నాయా, ఎండోటాక్సిన్లు (బాక్టీరియా విషాలు) ఉన్నాయా అన్న వరుసలు ఉన్నాయి.

ఇంకో దారి కూడా మా వాట్సాప్ గ్రూపులో తిరిగేది. ‘పరిశోధన అవసరాలకు మాత్రమే’ అని రాసి ఉండే పొడి సీసాలు, నీళ్ళు కలుపుకుని వేసుకోవడం, నెలకు ముప్ఫై నలభై డాలర్లకే అయిపోతుంది. అందులో ప్రిస్క్రిప్షన్ లేదు, ఫార్మసీ లేదు, పొడి ఎక్కడిదో తెలియదు. పచ్చడి సీసా మీద తయారీ తేదీ లేకపోతే కొనని అక్కయ్యలు దీన్ని ఎలా పొడుచుకుంటున్నారో అనిపించేది.

పెట్టె వచ్చింది. థర్మకోల్ డబ్బా, లోపల జెల్ ఐస్ ప్యాకులు, మధ్యలో చిటికెన వేలంత గాజు సీసా. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. టెక్సస్‌లో అక్టోబరు ఎండకు గుమ్మం బయట పెట్టె ఎక్కువసేపు ఉండిపోతే మంచిది కాదు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజు చూసుకుని డెలివరీ పెట్టించుకున్నాను. ప్యాకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వేడెక్కి వస్తే వాడొద్దు, తిరిగి పంపించమనాలి. ఎఫ్‌డీఏ చెప్పేదీ అదే.

సీసాలో మందు లేత గులాబీ రంగులో ఉంది. కంగారుపడ్డాను గానీ అది బీ12 కలపడం వల్ల వచ్చే రంగట. లేబుల్ మీద ‘సెమాగ్లూటైడ్ 2.5 మి.గ్రా. ఒక మి.లీ.కు’ అని, కింద ‘వారానికి 10 యూనిట్లు, అంటే 0.25 మి.గ్రా.’ అని ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఈ మందుతో కొందరు ఆసుపత్రి పాలైంది ఇక్కడ పొరపడే. కంపెనీ పెన్నులో డోసు ముందే కొలిచి ఉంటుంది, నొక్కితే చాలు. సీసా అయితే మనమే ఇన్సులిన్ సిరంజీతో లాగాలి. ఆ సిరంజీ మీదుండే గీతలు మిల్లీగ్రాములు కావు, యూనిట్లు. వంద యూనిట్లు కలిస్తే ఒక మిల్లీలీటరు. ఆ మిల్లీలీటరులో మందు ఎంత ఉందన్నది సీసాను బట్టి మారుతుంది. 2.5 బలం సీసాలో పది యూనిట్లు లాగితే 0.25 మిల్లీగ్రాములు. 5 బలం సీసాలో అదే పది యూనిట్లు లాగితే 0.5. కాంపౌండింగ్ సెమాగ్లూటైడ్ వాడేవాళ్ళలో కొందరు కావలసినదానికి ఐదు నుంచి ఇరవై రెట్లు వేసుకున్నారని 2024 జూలైలో ఎఫ్‌డీఏ హెచ్చరిక విడుదల చేసింది. కొన్ని కేసుల్లో లెక్క తప్పింది రోగులు కాదు, రాసినవాళ్ళే.

సూది వేసుకోవడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాను. రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి, సిరంజీలోకి పది గీతల దాకా గాలి లాగి, ఆ గాలిని సీసాలోకి వదిలి, సీసాను తలకిందులు చేసి మందు లాగాను. బుడగ వస్తే గోటితో రెండు దెబ్బలు కొడితే పైకి పోతుంది. బొడ్డుకు రెండంగుళాల దూరంలో చర్మం పట్టుకుని గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా లేదు. మా ఆయన పక్కన నిలబడి అటువైపు తిరిగి “అయిందా?” అని అడుగుతున్నారు, సూదంటే ఆయనకు భయం. సిరంజీల కోసం గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకున్నాను, చెత్తబుట్టలో పడేయకూడదు. మూత ఒకసారి పొడిచాక ఆ సీసాను 28 రోజులకు మించి వాడొద్దని కూడా లేబుల్ మీద ఉంది.

నాలుగు వారాలు 0.25, తర్వాత 0.5. డోసు పెంచిన కొన్నాళ్ళకు వచ్చిన సీసా చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంది. అదే గులాబీ రంగు, అదే సైజు. ఆన్‌లైన్ కంపెనీ యాప్‌లో మాత్రం ‘మీ ఈ వారం డోసు: 20 యూనిట్లు’ అని ఎప్పటిలాగే చూపిస్తోంది. సీసా మీద చూస్తే ‘10 యూనిట్లు’ అని ఉంది. యాప్‌లో మెసేజ్ పెడితే ‘24 గంటల్లో మా టీమ్ మీకు సమాధానం ఇస్తుంది’ అన్న ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఫార్మసీకి ఫోన్ చేశాను.

“సీసా చేతిలోకి తీసుకోండి. లేబుల్ మీదున్నది అక్షరం వదలకుండా నాకు చదివి వినిపించండి” అన్నారు ఆవిడ.

చదివాను. ఈసారి బలం 5 మిల్లీగ్రాములు. అంటే పది యూనిట్లే 0.5 మిల్లీగ్రాములు. యాప్ మాట విని ఇరవై లాగి ఉంటే ఒకేసారి 1 మిల్లీగ్రాము పడేది, రెండింతలు.

“మీకు రాసిన డోసు మిల్లీగ్రాముల్లో ఎంతో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి. యూనిట్లు గుర్తుపెట్టుకోవద్దు, అవి మారతాయి. కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్ చేయండి, కలిసి లెక్కేద్దాం” అన్నారు. ఇంతకన్నా పనికొచ్చే వైద్య సలహా నాకు ఆ ప్రాసెస్‌లో ఇంకెవరూ ఇవ్వలేదు. ఆన్‌లైన్ కంపెనీ నుంచి మర్నాడు ‘సరిచేశాం’ అని ఒక లైను వచ్చింది. క్షమించమన్న మాట కూడా లేదు.

ఇక ఒంట్లో ఏమైందంటే, సూది వేసుకున్న రెండో రోజు కడుపులో తిప్పడం, నాలుగో రోజుకు తగ్గడం. డోసు పెంచినప్పుడల్లా కుళ్ళిన కోడిగుడ్డు వాసన త్రేన్పులు. ఆఫీసు మీటింగుల్లో వీడియో ఆపేసుకోవలసి వచ్చేది. మలబద్ధకానికి రాత్రిపూట ఇసబ్‌గోల్. వీటన్నిటికీ ముందే సిద్ధపడ్డాను గానీ ఆకలి అలా పోతుందని మాత్రం అనుకోలేదు. ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం భోజనాలు, పులిహోర, బొబ్బట్లు, గుత్తివంకాయ. రెండు ముద్దలు తినేసరికి చాలనిపించింది. విస్తరి వదిలేసి లేవడం మన పద్ధతి కాదు కదా, “ఏంటమ్మా, వంట బాలేదా?” అని ఆ ఇంటావిడ బాధపడింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ తర్వాత నుంచి ముందే కొంచెం కొంచెం వడ్డించమని అడగడం అలవాటైంది. నూనెలో వేయించినవి తింటే మాత్రం రాత్రంతా జాగారమే.

తక్కువ తింటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పప్పు తింటున్నాం కదా ప్రోటీన్‌కు ఢోకా లేదనుకుంటాం గానీ, మనం వండుకునే పలచటి పప్పు రెండు గరిటెల్లో ఏముంటుంది? రెండు ముద్దలకే కడుపు నిండిపోతున్నప్పుడు ఆ రెండు ముద్దల్లో ఏముందన్నదే ముఖ్యం. కంచంలో అన్నం కన్నా ముందు గుడ్లు, పనీరు, చికెన్, గట్టి పెరుగు తినడం మొదలుపెట్టాను. వారానికి కొన్ని రోజులు డంబెల్స్. అయినా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. బరువు వేగంగా తగ్గితే కొన్నాళ్ళు అలా ఊడుతుందని, మళ్ళీ వస్తుందని మా డాక్టరు చెప్పారు, అలాగే వచ్చింది.

మా సొంత డాక్టరుకు ఈ సంగతి మొదటి రోజే పోర్టల్‌లో మెసేజ్ పెట్టాను. ఆయన పెద్దగా సంతోషించలేదు, వద్దనీ అనలేదు. కిడ్నీ పరీక్ష, ఏ1సీ తన దగ్గరే చేయించుకోమన్నారు. బరువు తగ్గేకొద్దీ బీపీ మరీ పడిపోతుంటే మాత్ర సగం చేశారు. ఆన్‌లైన్ కంపెనీ వాళ్ళు ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నా బీపీ ఎంతుందని అడగలేదు. దాచిపెట్టి వాడేవాళ్ళ గురించి నాకు ఎక్కువ భయం ఇక్కడే. ఆపరేషన్ ఏదైనా పడితే మత్తుమందు డాక్టరుకు ఈ సూది సంగతి తెలియాలి, కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తులో ఉండగా లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

2025 ఫిబ్రవరి 21న సెమాగ్లూటైడ్ కొరత తీరిందని ఎఫ్‌డీఏ ప్రకటించింది. 503ఏ ఫార్మసీలకు ఏప్రిల్ 22 దాకా, 503బీలకు మే 22 దాకా గడువిచ్చింది. ఆ తర్వాత నకళ్ళు చేయకూడదు. మా ఆన్‌లైన్ కంపెనీ నుంచి ఉత్సాహంగా ఒక ఈమెయిల్ వచ్చింది. ‘మీకోసం ప్రత్యేకంగా రూపొందించిన డోసు’తో కొనసాగిస్తామని. అంటే కంపెనీ పెన్నులో లేని ఏదో అంకె, అందులో కాస్త బీ12, కాబట్టి ఇది నకలు కాదు, నా అవసరానికి తగ్గట్టు చేసిన మందు. బీ12 తక్కువగా ఉంటే మాత్ర వేసుకుంటాను, దానికోసం ఈ సీసా ఎందుకు? నాకు నిజంగా ఏ ప్రత్యేక అవసరమూ లేదని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. ఫార్మసిస్టును అడిగాను. “మేం గడువు తర్వాత చేయడం లేదు, మీ కంపెనీ వేరే ఫార్మసీకి మారుతోంది” అన్నారు. ఆ ముక్కతో నేనూ ఆపేశాను.

ఈలోగా ధరలు మారాయి. మందు కంపెనీలే నేరుగా అమ్మడం మొదలుపెట్టాయి. 2025లో ఇన్సూరెన్సు లేనివాళ్ళకు వెగోవీ నెలకు 499 డాలర్లకు వచ్చింది. ఎలై లిల్లీ వాళ్ళ జెప్‌బౌండ్ సీసాలు అప్పట్లో 2.5 మిల్లీగ్రాములవి నెలకు 349, 5 మిల్లీగ్రాములవి 499 ఉండేవి. మా డాక్టరు జెప్‌బౌండ్ రాశారు. మందు వేరు కాబట్టి, అది టిర్జెపటైడ్, మళ్ళీ అడుగు నుంచి 2.5తో మొదలుపెట్టించారు. ఇదీ సీసాయే, సిరంజీతోనే లాగాలి. కానీ ఒక్కో సీసా ఒక్క వారానికే, ఏ బలమైనా అర మిల్లీలీటరే. ఎప్పుడు లాగినా యాభై యూనిట్లు. లెక్కలు పోయాయి. ఖర్చు పెరిగింది.

హైదరాబాద్‌లో మా వదిన నా ఫొటోలు చూసి, వచ్చేటప్పుడు నాలుగు సీసాలు పట్టుకురమ్మంది. అవసరం లేదు, 2025 మార్చిలో మౌంజారో పేరుతో అదే టిర్జెపటైడ్ అక్కడే విడుదలైంది. వారానికి ఒక సీసా, 2.5 మిల్లీగ్రాములది 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 అని పెట్టారు. “ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు వెళ్ళు వదినా, ఆన్‌లైన్‌లో వద్దు. మీ పుట్టింట్లో ఎవరికైనా గొంతు ఆపరేషన్ అయిందేమో ముందు కనుక్కో” అన్నాను. “మా నాయనమ్మకు అయింది, ఎందుకు?” అంది.

ఇప్పుడు నా బరువు 146 పౌండ్లు, ఏ1సీ 5.6. ఎప్పుడు ఆపాలని డాక్టరును అడిగితే నా ముందు ఒక అధ్యయనం ఫలితం పెట్టారు. సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్ళకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కాబట్టి ఆపడం కాదు, ఎంత తక్కువ డోసుతో నిలబడగలనో చూద్దామన్నారు. ప్రస్తుతానికి 5 మిల్లీగ్రాముల దగ్గరే ఉన్నాను. మా ఆయన కంపెనీలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఇన్సూరెన్సు ప్లాను మార్చుకునే సమయం, నవంబరులో వస్తుంది. కొత్త ప్లానులో ఈ మందులు ఉంటాయా అని హెచ్‌ఆర్‌కు ఇప్పటికే ఈమెయిల్ పెట్టించాను, ఇంకా జవాబు రాలేదు.